ఆమె అర్జీ ఏ డైరెక్టరీలో ఉంది?

(స్త్రీల సంస్థల కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నాకిచ్చిన అంశం చూసి మీలో కొందరు ఆశ్చర్యపోయి ఉంటారు. సమాజశాస్త్రం చదువుకున్న మనిషి వెబ్‌సైటు డైరెక్టరీల గురించీ, ఫైలు సెట్టింగుల గురించీ మాట్లాడడమేమిటి, అది కంప్యూటరు వాళ్ల పని కదా అనుకుని ఉంటారు. ఆ "కంప్యూటరు వాళ్ల పని" అన్న మాట గురించే నేను మాట్లాడదలచుకున్నాను. ఏ కాగితాన్ని ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరికి ప్రవేశం లేదు అని నిర్ణయించడం అధికారానికి సంబంధించిన విషయం. ఇంట్లో, పొలంలో, కోర్టులో అధికారం ఎవరిదని ఇన్నేళ్లుగా ప్రశ్నిస్తున్న మనం, ఈ ఒక్క నిర్ణయాన్ని మాత్రం అడగకుండానే ఇతరుల చేతుల్లో పెట్టేశాం.

మన దగ్గరికి వచ్చే స్త్రీ ఏం తెస్తుంది? ఒక అర్జీ, ఆసుపత్రి చీటీ, దెబ్బల ఫొటోలు, పిల్లల స్కూలు సర్టిఫికెట్లు. ఒకప్పుడు ఇవన్నీ ఆఫీసులో ఇనప బీరువాలో ఉండేవి. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు. ఇప్పుడు వాటిని స్కాన్ చేస్తున్నాం. నిధులిచ్చే వారికి పంపడం సులువని, నివేదిక రాసేటప్పుడు చేతికి అందుతాయని, వాటిలో కొన్నిటిని వెబ్‌సైటు సర్వరు మీద పెడుతున్నాం.

పరిశోధన కోసం నేను తిరిగిన ఒక సంస్థలో ఇలాగే గృహహింస కేసుల అర్జీలను ఒక డైరెక్టరీలో ఉంచారు. వెబ్‌సైటు పేజీల్లో వాటికి లింకు లేదు కాబట్టి ఎవరికీ కనబడవని నమ్మారు. కానీ ఆ డైరెక్టరీలోని ఫైళ్ల జాబితా బయటికి తెరిచే ఉంది. వెతికే యంత్రాలు ఆ జాబితాను చదువుకున్నాయి. ప్రతి ఫైలుకూ అర్జీదారు పేరూ, ఊరూ కలిపి పేరు పెట్టారు. ఒకామె భర్త తరఫు వాళ్లు ఆమె పేరు కొట్టి వెతికితే అర్జీ మొత్తం దొరికింది. ఆమె ఆఫీసుకొచ్చి ఒకటే అడిగింది: "కాగితం మీ చేతికిచ్చాను గదమ్మా, మీరెవరికిచ్చారు?" నిజానికి ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. తలుపు వేయలేదు, అంతే.

అందుకే ఆ తలుపులు ఎలా పనిచేస్తాయో మనం తెలుసుకోవాలి. చిన్న సంస్థలు చాలావరకు వాడేది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరు. 2003లో మొదలైంది, ఉచితం. దీనిలో మనం ఎక్కించే ఫొటోలూ, పత్రాలూ మామూలుగా "అప్‌లోడ్స్" అనే డైరెక్టరీలోకి పోతాయి. అందులో సంవత్సరానికొక ఫోల్డరు, దానిలో నెలకొక ఫోల్డరు ఉంటాయి. ఇక్కడ మనల్ని మోసం చేసే విషయం ఒకటుంది. ఒక పేజీని "ప్రైవేటు" అని పెడితే ఆ పేజీ మాత్రమే దాగుతుంది. దానికి జతచేసిన ఫైలు అప్‌లోడ్స్‌లో విడిగా ఉంటుంది. దాని చిరునామా తెలిసిన వారెవరైనా పాస్‌వర్డు లేకుండానే తెరవగలరు. పేజీని తీసేసినా ఫైలు అక్కడే ఉండిపోవచ్చు.

ఇప్పుడు అంకెల సంగతి చూద్దాం. సర్వరు మీద ప్రతి ఫైలుకూ, డైరెక్టరీకీ మూడు వర్గాల మనుషులుంటారు: యజమాని, సమూహం, ఇతరులు. సమాజశాస్త్రం పాఠంలా ఉంది కదూ! ఒక్కొక్క వర్గానికి మూడు హక్కులు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. డైరెక్టరీ విషయంలో ఆ 1 అంటే లోపలికి అడుగు పెట్టే హక్కు. వీటిని కూడితే వచ్చేదే ఆ మూడంకెల సంఖ్య. డైరెక్టరీలకు 755, ఫైళ్లకు 644 మామూలు పద్ధతి. అంటే మార్చే హక్కు యజమానికే, మిగిలిన వారికి చూసే హక్కు మాత్రమే. 777 అంటే అందరికీ అన్ని హక్కులూ. ఫొటో ఎక్కడం లేదని మనం ఫోను చేస్తే, తొందరలో ఉన్న కుర్రాడు 777 పెట్టేసి "అయిపోయింది మేడమ్" అంటాడు. పని అవుతుంది. కానీ ఒకే యంత్రం మీద ఎన్నో వెబ్‌సైట్లు ఉండే చోట, మన డైరెక్టరీలో ఇతరులు తమ ఫైలు పెట్టిపోయే దారి కూడా అలాగే తెరుచుకుంటుంది. 777 ఎక్కడ కనబడినా కారణం అడగండి.

అయితే ఒక భ్రమ తొలగించుకోవాలి. ఈ అంకెలు సర్వరు యంత్రం లోపలి మనుషుల గురించి చెప్పేవి. ఇంటర్నెట్టులో వచ్చే సందర్శకుడి కోసం వెబ్ సర్వరే ఫైలు చదివి తీసుకొచ్చి ఇస్తుంది. కాబట్టి 644 పెట్టినంత మాత్రాన అర్జీ దాగదు. లోపలి గడియ వేరు, వీధి తలుపు వేరు. రెండూ చూసుకోవాలి.

వీధి తలుపు అంటే ఏమిటి? ఒక డైరెక్టరీ చిరునామా కొడితే అందులోని ఫైళ్లన్నీ జాబితాగా కనబడకూడదు. అపాచీ సర్వరయితే "హెచ్‌టీయాక్సెస్" అనే సెట్టింగుల ఫైలులో "ఆప్షన్స్ మైనస్ ఇండెక్సెస్" అన్న ఒక్క వాక్యం ఆ జాబితాను ఆపుతుంది. అప్పుడు కూడా కచ్చితమైన చిరునామా తెలిసిన వారికి ఫైలు అందుతూనే ఉంటుంది. జాబితా మూయడం సగం పనే.

ఇంకొందరు "రోబోట్స్" అనే ఫైలులో రహస్య డైరెక్టరీల పేర్లు రాసి, వెతికే యంత్రాలు అటు రావద్దని చెబుతారు. 1994 నుంచి ఉన్న పద్ధతి ఇది. కానీ అది తాళం కాదు, తలుపుకు తగిలించిన వినతి పత్రం. పైగా దాన్ని ఎవరైనా తెరిచి చదవవచ్చు. మనం దాచాలనుకున్న గది ఎక్కడుందో మనమే రాసి పెట్టినట్టవుతుంది.

మరొకటి, కాన్ఫిగరేషను ఫైలు. డేటాబేసు పాస్‌వర్డు ఉండేది అందులోనే. వర్డ్‌ప్రెస్ సూచనల ప్రకారం దీనికి 440 లేదా 400 హక్కులు చాలు. దాన్ని మార్చేముందు జాగ్రత్తకని ఒక నకలు తీసి, పేరు చివర "బ్యాక్" అనో "ఓల్డ్" అనో తగిలించి అక్కడే వదిలేస్తారు. అసలు ఫైలును సర్వరు నడుపుతుంది గాని చూపించదు. పేరు మారిన నకలును చాలాసార్లు మామూలు కాగితంలా చూపించేస్తుంది. డేటాబేసు మొత్తాన్ని ఎగుమతి చేసి తీసిన ప్రతినీ అలాగే వదిలేస్తారు. మీ సర్వరులో ఇలాంటి నకళ్లు ఎన్ని ఉన్నాయో లెక్క తీయించండి.

"మాది చిన్న సంస్థ, మా ఫైళ్లు ఎవరు చూస్తారు?" అంటారు. ఎక్కడెక్కడ తలుపులు తెరిచి ఉన్నాయా అని అన్ని చిరునామాలనూ తట్టి చూసే యంత్రాలకు చిన్నా పెద్దా లేదు. మన స్త్రీల విషయంలో అంతకన్నా పట్టుదలగా వెతికేది ఆమెను తెలిసిన మనిషే.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 1970ల చివర పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారాలపై హైదరాబాదులోనూ, దేశమంతటా పెద్ద ఉద్యమాలు వచ్చాయి. ఆ కేసులు ఆ స్త్రీల పేర్లతోనే చరిత్రలోకి ఎక్కాయి. ఆ పేర్లు నేనిక్కడ పలకను. ఆ ఉద్యమాల తర్వాత 1983లో శిక్షాస్మృతిని సవరించి, అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా ప్రచురించడాన్ని నేరం చేశారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 72వ సెక్షను. రెండేళ్ల దాకా జైలు, జరిమానా. పేరు లేకపోయినా గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తెరిచి ఉన్న డైరెక్టరీ "ప్రచురణ" అవునా కాదా అని వకీళ్లు వాదించుకోవచ్చు. ఆమెకు మాత్రం తేడా లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేదాన్ని బయటపెట్టాలని పోరాడిన మనమే ఇప్పుడు దాచమంటున్నామా? "ఇంటిగుట్టు లంకకు చేటు" అని చెప్పి స్త్రీల నోరు నొక్కిన సమాజం మనది. గుట్టు కుటుంబానిది. దాన్ని కాపాడితే మిగిలేది కుటుంబం పరువు, మగవాడి అధికారం. గోప్యత ఆమెది. తన కథ ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో నిర్ణయించుకునే హక్కు అది. 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. సభలో నిలబడి తన పేరుతో మాట్లాడే స్త్రీకి మనం మైకు ఇస్తాం. మాట్లాడనన్న స్త్రీ కాగితాన్ని మన నిర్లక్ష్యంతో మనమే చదివి వినిపించకూడదు.

మరి ఏం చేయాలి? కేసు కాగితాలను అసలు వెబ్‌సైటు సర్వరు మీద పెట్టవద్దు. ఇదే అన్నిటికన్నా గట్టి సెట్టింగు. సభ్యుల కోసం ఏవైనా పత్రాలు తప్పనిసరిగా పెట్టాల్సి వస్తే, వెబ్‌సైటు డైరెక్టరీకి బయట ఉండేలా చూడాలి. ద్రూపల్ వంటి సాఫ్ట్‌వేరులో ప్రైవేటు ఫైళ్లకు అలాంటి చోటు విడిగా చూపించే వీలుంది. ఫైళ్లకు పేర్లూ ఊర్లూ కాక కేసు నంబర్లు పెట్టండి. డొమైను, సర్వరు ఖాతా వెబ్‌సైటు చేసిన మనిషి పేరు మీద గాక సంస్థ పేరు మీద ఉన్నాయో లేదో చూడండి. ఒకే పాస్‌వర్డు అందరూ వాడకుండా ఒక్కొక్కరికీ విడిగా ఖాతా ఇవ్వండి. సంస్థ విడిచి వెళ్లిన వారి ఖాతాలు అదే రోజున మూసేయండి.

రేపు మీ ఆఫీసుకు వెళ్లగానే మీ వెబ్‌సైటు చూసే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క డైరెక్టరీ తెరిపించండి. దీనికి యజమాని ఎవరు, సమూహంలో ఎవరున్నారు, ఇతరులకు ఏం కనబడుతుంది అని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. అతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి. భూమి పట్టాలో తన పేరుందో లేదో చూసుకోమని ఊరూరా స్త్రీలకు చెప్పిన వాళ్లం మనం. మనల్ని నమ్మి ఆమె ఇచ్చిన కాగితం ఎక్కడుందో, దాన్ని ఎవరు తెరవగలరో చూసుకోవడం మనకు పెద్ద పని కాకూడదు.