వాద్యవృందము



1970వ సంవత్సర ప్రాంతమున మా గన్నవరములో పదిమంది చేరి వినుటకు ఒక రేడియో ఉండెడిది. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది మొదలు దాని పలుకే మా ప్రాంతమువారికి గడియారము. ఒకనాటి రాత్రి వాద్యవృందమను మాట వినబడగానే మా తాతగారు కండువా దులిపి లేవబోయిరి. "ఇందఱు కలసి ఒక్క రాగమును పట్టుకొందురా? ఇక మనోధర్మ మెవరికి మిగులును? అది సంగీతము కాదురా, కవాతు" అనిరి.

ఆ మాటలో పస లేకపోలేదు. మన రాగమునకు ప్రాణము గమకము. ఒకే గాంధారమును ఇద్దఱు వైణికులు రెండు తీరుల ఊపుదురు. పాశ్చాత్యుల బృందములో ఎవరేమి వాయింపవలెనో కాగితముమీద వ్రాసియుండును. వేర్వేఱు స్వరము లేకకాలమున మ్రోగి పొసగును. మనకో, వ్రాతకు లొంగనిదే ముఖ్యము. అట్టి గమకములను సైతము గుర్తులతో వ్రాసి చూపిన సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున అచ్చైనది. అరవదేశమున వెలువడిన ఆ గ్రంథము తెనుగు లిపిలో నున్నదని మనవారిలో ఎందఱెఱుగుదురు?

వృంద మనునది మనకు క్రొత్త గాదు. భరతముని దానిని కుతపమనెను. 13వ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున ఉత్తమ గాయకవృందమునకు లెక్కయే కట్టెను: ముఖ్యగాయకులు నలుగురు, వారికి తోడు ఎనమండుగురు, గాయనులు పన్నిద్దఱు, వేణువాదకులు నలుగురు, మార్దంగికులు నలుగురు. అందు గాత్రమునకే పెద్దపీట.

వాద్యములకు ఆ పీట వేసినవారు మైహరు సంస్థాన విద్వాంసులు అల్లావుద్దీన్ ఖాన్‌గారు. 1918 ప్రాంతమున అనాథ బాలబాలికలను చేరదీసి, విద్య నేర్పి, వారితోనే వాద్యబృందమును నిలిపిరి. తుపాకి గొట్టములను స్వరస్థానములకు తగినట్లు కోయించి, నలతరంగ మను వాద్యమును కల్పించిరి. ప్రాణములు తీయుటకు చేసిన ఇనుము సరిగమలు పలికినది! ఈ సంగతి ఆనాడు నాకు తెలిసియున్న తాతగారికి చెప్పియుందును.

ఆయన శిష్యులే రవిశంకర్‌గారు. అన్నగారైన ఉదయశంకరుని నాట్యబృందముతో బాల్యముననే ఐరోపా తిరిగినవారు. 1949లో ఢిల్లీ ఆకాశవాణిలో చేరి, 1952లో అచ్చట జాతీయ వాద్యవృందము నెలకొన్నప్పుడు దానిని నడపిరి. దక్షిణాది సంప్రదాయ మెఱిగిన టి.కె. జయరామయ్యరుగారు వారికి జోడు. ఉత్తరాది, దక్షిణాది వాద్యములను ఒక్క పందిటిలో కూర్చుండబెట్టుట మాటలా? ముందుగా శ్రుతి. వేణువు తన శ్రుతిని ఎక్కువగా మార్చుకొనలేదు. తీగెవాద్యములే దానికి లొంగవలెను. సితారుకు పైతీగెలే గాక, అడుగున తమంతట మ్రోగెడి తీగెలు మఱికొన్ని. అవన్నియు కుదిరిన పిమ్మట, ఎవరెప్పుడు వాయింపవలెనో నిర్ణయించుటకంటె ఎవరెప్పుడు ఊరకుండవలెనో నిర్ణయించుట కష్టము. నిర్వాహకుని విద్యయంతయు అందే యున్నదని నా అభిప్రాయము.

రవిశంకర్‌గారు 1956లో ఆకాశవాణిని విడిచిరి. ఆ యేడే వేణువాదకులు పన్నాలాల్ ఘోష్‌గారు వృందమును చేపట్టిరి. కాలక్రమమున ఆ బాధ్యత ఒక తెలుగు వైణికుని చేతికి వచ్చెను. ఆయనే ఈమని శంకరశాస్త్రిగారు. 1922లో ద్రాక్షారామమున జన్మించి, తండ్రి అచ్యుతరామశాస్త్రిగారియొద్ద వీణ నేర్చి, మద్రాసు జెమిని స్టూడియోలో చలనచిత్ర వాద్యబృందముల మర్మ మెఱిగి, పిదప ఆకాశవాణికి వచ్చినవారు. వృందమునకై రచించిన వానిలో ఆదర్శ శిఖరారోహణము పేరొందినది. 1987లో వారు దివంగతులైరి.

ఆ రాత్రి మా తాతగారు రెండడుగులు వేసిరో లేదో, రేడియోలో ఈమనివారి పేరు వినబడినది. ఆయన ఆగి, "ఎవరూ, మన ద్రాక్షారామము అచ్యుతరామశాస్త్రిగారి అబ్బాయా?" అని నన్నడిగిరి. నాకేమి తెలియును? కండువా మరల భుజమున వేసికొని, రేడియోకు దగ్గఱగా జరిగి కూర్చుండిరి. నడుమ ఒక్కమాఱు మాత్రము, "ఆ వీణను మఱికొంచెము సేపు విడిగా వదలిన బాగుండును" అనిరి.