కూలి ఒంటి లెక్క: పుచ్చలపల్లి సుందరయ్య స్మారకోపన్యాసం



సుందరయ్య గారి ఉద్యమ జీవితం గురించి నాకంటే బాగా చెప్పగలిగినవారు ఈ సభలోనే ఉన్నారు. గన్నవరం ప్రజలు ఆయన్ను అసెంబ్లీకి పంపిన కథ ఈ జిల్లాకు కొత్త కాదు. అందుకే, మనం తక్కువగా చెప్పుకునే ఆయన పని ఒకటి ఎంచుకున్నాను. 1974లో ఆయన కృష్ణా పశ్చిమ డెల్టాలోని అనంతవరం గ్రామాన్ని సర్వే చేశారు. భూమి ఎవరి చేతిలో ఉంది, కౌలుకు చేసేదెవరు, కూలికి పోయేదెవరు అని ఊరిని విప్పి చూశారు. ఆ లెక్కలు 1977లో ‘సోషల్ సైంటిస్ట్’ పత్రికలో వచ్చాయి. మూడు దశాబ్దాల తర్వాత, 2005–06లో, ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ పరిశోధకులు అదే ఊరికి మళ్లీ వెళ్లారు. కూలీల బతుకు గురించి మాట్లాడాలంటే ముందు వాళ్ల గడపకు వెళ్లి అడగాలన్న ఆ పద్ధతి నాకు ఇష్టం. భూమి, కూలి, అప్పు పక్కన ఇంకో లెక్క కూడా చేరాలని ఇవాళ నేను వాదించబోతున్నాను. అది ఆ పని చేసే ఒంటి లెక్క.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీకి వెల్డింగ్ చేసే కార్మికుడికి, పేరు హాజరు పుస్తకంలో ఉంటే, గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఫ్యాక్టరీల చట్టం, ఈఎస్ఐ చట్టం రెండూ 1948 నాటివే. అవి ఎంత బాగా అమలయ్యాయన్నది వేరే చర్చ. అడగడానికి ఒక గుమ్మమైతే ఉంది. ఊడ్పుల ముఠాకు ఆ గుమ్మం లేదు. ఇవాళ ఒక రైతు చేను, రేపు ఇంకొకరిది. గట్టు మీద కాలు పెట్టినప్పుడు పాము కరిస్తే ఆసుపత్రి పుస్తకంలో ‘పాము కాటు’ అని రాస్తారు. పనిలో తగిలిన దెబ్బ అని ఎవరూ రాయరు.

దివిసీమలో 2018 వర్షాకాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాట్లు వరసగా పడ్డాయి, జనం పొలం దిగడానికి భయపడ్డారు, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో సర్ప యాగం జరిగింది. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. దేవుణ్ణి వేడుకున్న తల్లికి నేను చెప్పేదేమీ లేదు. అయితే ఆ ఏడాది కరిచిన ప్రతి పాము గురించీ మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ వేళప్పుడు? ఆకుమడిలో నారు పీకుతుంటేనా, కలుపు తీస్తుంటేనా, పనలు ఎత్తుతుంటేనా? కాళ్లకు ఏముంది? ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పట్టింది? రక్తపింజర కాటుకు కాలు వాచి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, చూసినవాళ్లు కంగారుపడి పరుగెత్తుతారు. కట్లపాము అలా కాదు. పొలం పని చేసి అలసి నేల మీద పడుకున్న మనిషిని అర్ధరాత్రి కరుస్తుంది, గాటు సరిగా కనపడదు, వాపు ఉండదు. కడుపునొప్పి అంటే అజీర్తి అనుకుంటారు. తెల్లవారేసరికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. రెప్పలు వాలడం మొదట చూసేది డాక్టరు కాదు, పక్కన పడుకున్న భార్యో తల్లో. ఆ చూపుకు శిక్షణ తోడైతే ప్రాణం నిలుస్తుంది.

దేశం ఈ చావులను ఎలా లెక్కపెట్టిందో చూడండి. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం, టొరంటోలోని ప్రభాత్ ఝా బృందం కలిసి ‘మిలియన్ డెత్ స్టడీ’ చేశాయి. ఆసుపత్రి కాగితాలతో సరిపెట్టుకోలేదు. సర్వే మనిషి చావు జరిగిన ఇంటికి వెళ్లి, ఆఖరి రోజుల్లో ఏం జరిగిందో అడిగి రాసుకున్నాడు. ఆ వాంగ్మూలాలను డాక్టర్లు చదివి కారణం తేల్చారు. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం, 2005లో దేశంలో పాము కాటుతో చనిపోయినవారు సుమారు 45,900 మంది. ఆసుపత్రులు చెప్పిన సంఖ్యకు ఇది ముప్పై రెట్లకు పైగా. ఉత్తరప్రదేశ్ తర్వాత అత్యధికం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, 5,200. చావుల్లో 97 శాతం పల్లెల్లో, అదీ ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. అంటే మన ఊడ్పుల, కలుపుల కాలం. ఇంటివాళ్లను అడగబట్టే ఈ సంఖ్య బయటపడింది.

అడగడం దగ్గర ఆగకుండా లెక్క రాసే పనినే పొలంలో పనిచేసేవారి చేతికి ఇచ్చిన అధ్యయనం ఇంకొకటి ఉంది. నాకు ఇదే ఎక్కువ విలువైనది. 2003లో దక్షిణ భారతంలోని మూడు పత్తి ఊళ్లలో ఫ్రాన్సెస్కా మాన్సిని, అరుణ్ అంబటిపూడి, హెలెన్ మర్ఫీ తదితరులు యాభై మంది మహిళా రైతులతో కలిసి చేశారు. మందు కొట్టిన ప్రతిసారీ తమ ఒంటికి, ఇంట్లో మగవాళ్ల ఒంటికి ఏమైందో ఆ ఆడవాళ్లే నమోదు చేశారు. 323 నమోదుల్లో 83.6 శాతంలో ఎంతో కొంత విషప్రభావం కనిపించింది. ఆరు శాతంలో పరిస్థితి చాలా తీవ్రం, అయినా ఒక్కరూ వైద్యుడి దగ్గరకు పోలేదు. అంటే ఆసుపత్రి నుంచి మొదలుపెట్టిన ఏ సర్వేకైనా ఆ ఊళ్లలో విషం సున్నా. మరో సంగతి కూడా తేలింది. స్ప్రేయర్ వీపున వేసుకున్న మగవాడికి ఎంత ముప్పో, బిందెతో నీళ్లు మోసి, బకెట్లో చిక్కటి మందు కలిపి, ట్యాంకు నింపే ఆడమనిషికీ అంతే. మందు కలిపే చేయి ఆమెది కాబట్టి ఆ సంగతి ఆమె రాయగలిగింది. బయటి నుంచి వచ్చినవాడు స్ప్రేయర్ మోసే మనిషినే ముందు చూస్తాడు.

మన పొరుగునే ఇంకో ఉదాహరణ ఉంది. పాము కాటు మందు తయారీకి కావలసిన విషాన్ని చెన్నై దగ్గర 1978లో ఏర్పడిన ఇరులర్ గిరిజనుల సహకార సంఘం సేకరిస్తోంది. పామును పట్టడంలో వాళ్ల తరతరాల నేర్పు లేకపోతే మన పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో ఆ మందు సీసాలు ఉండవు.

భాగస్వామ్యం అంటే విశ్వవిద్యాలయం, ఆసుపత్రి, ఒక విదేశీ సంస్థ కలిసి ఒప్పందం మీద సంతకం చేయడం అనుకుంటాం. కూలీ అందులో రక్తం ఇచ్చే మనిషిగా, ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషిగా మిగులుతుంది. నివేదిక ఆమెకు అందని భాషలో అచ్చవుతుంది. ఇది అన్యాయం మాత్రమే కాదు, పరిశోధనకూ నష్టం. పై రెండు అధ్యయనాలూ అదే చూపించాయి.

డెల్టాలో ఈ పనికి కావలసినవన్నీ దగ్గరలోనే ఉన్నాయి. విజయవాడలో 1980 నుంచి సిద్ధార్థ వైద్య కళాశాల ఉంది, బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. ఊరికో ఆశా కార్యకర్త ఉంది, ముఠాకో మేస్త్రి ఉంది. దివిసీమలో పది ముఠాలతో మొదలుపెట్టమని నా విన్నపం. ముఠాలో రాయగలిగిన ఒకరికి పుస్తకం, పెన్ను ఇవ్వాలి. ఆ పనికి ఆ రోజు కూలి కట్టాలి, ఊరికే చేయమనకూడదు. పాము కాటు, మందు తగలడం, ఎండదెబ్బ, నడుం పట్టేయడం, నీళ్లలో నాని చెడిన వేళ్లు, ఏది రాయాలో ముఠావాళ్లే తేల్చాలి. నెలకోసారి వైద్య విద్యార్థి ఊరికి వచ్చి వాళ్లతో కూర్చుని ఆ పుస్తకం చదవాలి. ఏడాది చివర ఫలితాన్ని ముందు ఆ ఊరి రచ్చబండ దగ్గర తెలుగులో వినిపించి, వాళ్లు తప్పు అన్నది దిద్దాకే పత్రికకు పంపాలి. గంబూట్లకు, టార్చిలైట్లకు, పీహెచ్‌సీలో రాత్రి డాక్టరుకు డబ్బు అడిగేటప్పుడు ఆ పుస్తకాన్నే కలెక్టరు ముందు పెట్టాలి.

జూన్‌లో కాల్వలకు నీళ్లు వదులుతారు, ఆకుమళ్లు పోస్తారు. ఈ పుస్తకాలు అంతకు ముందే ముఠాల చేతికి చేరాలి. ఈ సభలో ఉన్న వైద్యులు, వ్యవసాయ శాస్త్రవేత్తలు, సంఘాల కార్యకర్తలు సభ ముగిశాక కాసేపు ఆగండి. ఏ ఊరి ముఠాతో ఎవరు కూర్చుంటారో ఇక్కడే రాసుకుందాం.