కాన్‌స్టాంటినోపుల్ రథ క్రీడాంగణము

రథమనగానే మనకు కురుక్షేత్రమో, దేవుని తేరో స్ఫురించును. ప్రాచీన రోమనులకు మాత్రము పందెములు తలపునకు వచ్చెడివి. తూర్పు రోమను సామ్రాజ్యమునకు రాజధానియైన కాన్‌స్టాంటినోపుల్‌లో, అనగా నేటి ఇస్తాంబులులో, అట్టి పందెములకై కట్టిన గొప్ప క్రీడాంగణ మొకటి ఉండెను. గ్రీకులు దానిని హిప్పొడ్రోము అనిరి. గుఱ్ఱముల పరుగుబాట అని అర్థము. ఆట కొరకు కట్టిన ఆ స్థలము ప్రజలు ప్రభువుతో ముఖాముఖి పలుకు తావుగా ఎట్లు మారెనో, ఆ పలుకునకు ఎట్టి మూల్యము చెల్లించిరో ఇపుడు చెప్పుకొందము.

క్రీ. శ. 203 ప్రాంతమున సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి దీనిని ప్రారంభించెను. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి దీనిని విస్తరించి, 330 మే 11వ తేదీన నూతన రాజధానిని ప్రతిష్ఠించినపుడు ఇచటనే ఉత్సవములు జరిపించెను. పొడవు సుమారు 450 మీటర్లు. వెడల్పు సుమారు 120 మీటర్లు. నడుమ పొడవుగా ఒక గట్టు. దానిపై దేశదేశముల నుండి తెచ్చిన స్తంభములు, విగ్రహములు. నాలుగేసి గుఱ్ఱములు పూన్చిన రథములు ఆ గట్టును ఏడు మారులు చుట్టి రావలెను. మలుపుకడ చక్రము తగిలెనా, సారథి ప్రాణమునకే ముప్పు.

నీలము, హరితము, ఎరుపు, తెలుపు అని పక్షములు నాలుగు. వానిలో నీల, హరిత పక్షములే ప్రబలములు. చక్రవర్తి తన ప్రాసాదము నుండి నేరుగా ప్రత్యేక మండపమునకు వచ్చి కూర్చుండెడివాడు. ప్రజలెన్నుకొను సభలు లేని ఆ కాలమున, వేలాది జనులు ఏకకంఠముతో ఏలికకు తమ కష్టము విన్నవింప వీలైన చోటు ఇదియే. 512లో మతవివాదమున నగరము తిరుగబడగా, వృద్ధుడైన అనస్తాసియస్ చక్రవర్తి కిరీటము లేకయే ఇచటికి వచ్చి, పదవి విడుచుటకు సిద్ధమని తెలిపెను. జనులు శాంతించి, కిరీటము ధరింపుమని కోరిరి.

ఇరువది యేండ్లకు కథ వేరుగా నడచెను. 532 జనవరిలో, అల్లరులలో హత్యానేరమునకు శిక్షపడిన వారిని ఉరితీయుచుండగా ఉరికంబము విరిగి ఇద్దరు బ్రదికిరి. ఒకడు నీల పక్షమువాడు. మరియొకడు హరిత పక్షమువాడు. వారిని క్షమింపుమని 13వ తేదీన పందెముల నడుమ జనులు వేడిరి. జస్టీనియన్ చక్రవర్తి బదులు పలుకలేదు. ఇరువదిరెండవ పందెము నాటికి బద్ధవిరోధులైన రెండు పక్షములును ఏకమాయెను. సారథులను హెచ్చరించు ‘నికా’, అనగా ‘జయింపుము’ అను కేకయే తిరుగుబాటు కేక యాయెను.

నగరము తగులబడెను, హాగియా సోఫియా దేవాలయము భస్మమాయెను. జనులు కోరిన అధికారులను తొలగించినను, చక్రవర్తి స్వయముగా వచ్చి క్షమాపణ ప్రమాణము చేసినను ఎవరును నమ్మలేదు. అనస్తాసియస్ మేనల్లుడగు హైపేషియసునకు పట్టము కట్టిరి. ఓడనెక్కి పారిపోదలచిన జస్టీనియనును రాణి థియోడోరా వారించెను. ఆమె తండ్రి హరిత పక్షమువారి ఎలుగుబంట్ల కాపరియని చరిత్రకారుడు ప్రొకోపియస్ వ్రాసెను. బెలిసారియస్, ముండస్ అను సేనానులు వేర్వేరు ద్వారముల నుండి చొరబడి, క్రీడాంగణమున చిక్కిన జనమును నరికించిరి. మృతులు ముప్పదివేలకు పైబడిరని ప్రొకోపియస్ లెక్క. హాగియా సోఫియా 537 నాటికి మరల లేచెను. జనుల గొంతుక మాత్రము చాలకాలము లేవలేదు.

1204లో క్రైస్తవ యోధులే నగరమును దోచి, ఇచటి నాలుగు లోహపు గుఱ్ఱములను వెనిస్‌కు తరలించిరి. 1453లో నగరము తురుష్కుల వశమైన పిదప ఈ చోటికి ‘ఆత్ మైదానీ’, అనగా గుఱ్ఱపు మైదానము అను పేరు కలిగెను. మన మైదానమను మాటయు ఆ మాటయు ఒకటే.

390లో థియోడోసియస్ నిలిపిన ఈజిప్టు శిలాస్తంభము నేటికిని అచట కలదు. దాని పీఠముపై విజేతకు ఈయవలసిన దండను చేతబట్టి చక్రవర్తి నిలిచియుండును. ఆయన పాదముల క్రింద వరుసలుగా ప్రేక్షకుల ముఖములు చెక్కబడియున్నవి. చక్రవర్తి పేరు శాసనమున కలదు. ఆ ముఖములకు పేరులు లేవు. ఆ క్రీడాంగణమున సామ్రాజ్యమును గడగడలాడించినవారు అట్టి పేరులేని జనులే.