పట్టాలున్నాయి, బండి ఏది?

(పాయకరావుపేట రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పేటకు సొంత రైల్వేస్టేషన్ లేదు. తాండవ వంతెన దాటి తుని వెళ్లి బండి ఎక్కుతాం. అందుకని ఎక్కడో చిన్న స్టేషన్ మూతపడితే మనకేమిటి అనుకోకండి.

కాకినాడ–కోటిపల్లి లైన్ సంగతి చూడండి. 45 కిలోమీటర్లు. 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీకేశారు. రామచంద్రపురం, ద్రాక్షారామం రైతులు మళ్లీ రైలు కూత వినడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. అరవై నాలుగేళ్లు! అంత కష్టపడి తెచ్చుకున్న లైన్‌లో 2020 మార్చి లాక్‌డౌన్‌కు బండి ఆగింది. ఈసారి పట్టాలు పీకలేదు. బండి ఆపితే చాలు, స్టేషన్ దానంతటదే పాడుపడుతుంది.

అదే సమయంలో దేశమంతా ప్యాసింజర్లు ఆపారు. తర్వాత వాటినే ఎక్స్‌ప్రెస్ స్పెషళ్లుగా తిప్పారు. బండి వేగం మారలేదు. కనీస చార్జీ మాత్రం 10 రూపాయల నుంచి 30 అయింది. తమలపాకు బుట్టతో, కూరగాయల గంపతో రోజూ వెళ్లి వచ్చే మనిషికి 20 రూపాయలయ్యేది 60 అయింది. నెలకు పాతిక రోజులు తిరిగితే అదనంగా వెయ్యి రూపాయలు! పాత చార్జీలు రావడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది.

ముందు బండి తగ్గిస్తారు. వేళ మారుస్తారు. జనం ఆటో ఎక్కుతారు. అప్పుడు 'ఆదాయం లేదు' అంటారు. మన ప్రాంతంలో చెరకు ఫ్యాక్టరీలు ఆగినప్పుడూ 'ఈ ఒక్క సీజనేలే' అనుకున్నాం. తర్వాత ఏమైందో మీకు తెలుసు.

కనుక మన పని మూడు ముక్కల్లో చెబుతాను. ఒకటి: ప్రతి గ్రామ కమిటీ ఎవరు, ఏ వేళకు, ఏ సరుకుతో, ఎక్కడికి వెళుతున్నారో లెక్క రాయాలి. రెండు: టికెట్ కొనకుండా ఎవరూ బండి ఎక్కొద్దు. టికెట్ లేని ప్రయాణికుడు రైల్వే లెక్కలో లేనట్టే. మూడు: ఆ లెక్కలతో విజయవాడ డివిజన్ అధికారులకు, మన ఎంపీకి వినతిపత్రం ఇవ్వాలి. తుని నుంచి అనకాపల్లి వరకు ప్రతి చిన్న స్టేషన్‌లో ప్యాసింజర్ ఆగాలని, సంతకు అందే వేళకు నడవాలని అడగాలి.

పీకిన పట్టాలు మళ్లీ వేయించుకోవడానికి అరవై నాలుగేళ్లు పట్టింది. పట్టాలు ఉండగానే అడుగుదాం.