మెదడులో కాపలావాళ్ళు



వానలు వెనకపట్టి, వరి పొట్టకొచ్చే రోజుల్లో "ఫలానా ఊళ్ళో పిల్లవాడికి మెదడువాపట" అన్న కబురు వస్తే చాలు, ఆ సాయంత్రం ఏ తల్లీ బిడ్డని గడప దాటనివ్వదు. ఆ జబ్బుకి మనవాళ్ళు పెట్టిన పేరు చూశారా, ఎంత సరిగ్గా ఉందో! వేలికి ముల్లు దిగితే ఎర్రబడుతుంది, వాస్తుంది, సలుపుతుంది. ఆ వాపు ముల్లు మోసుకొచ్చింది కాదు. ముల్లుని బయటికి నెట్టడానికి మన ఒళ్ళు పడే అవస్థ అది. వేలికైతే వాచడానికి చోటుంది. గట్టి పుర్రెలో బిగించిపెట్టిన మెదడుకి చోటెక్కడిదండీ?

మెదడులో ఆలోచించే కణాలే కాదు, వాటిని కాచే కణాలు కూడా ఉన్నాయి. వీటిని మైక్రోగ్లియా అంటారు. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు పియో డెల్ రియో ఒర్తేగా 1919లో వీటిని విడిగా గుర్తించి ఆ పేరు పెట్టాడు. మెదడు కణాల్లో సుమారు పదింట ఒకటి ఇదే. ఇవి ఊరికే కూర్చుని ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. 2005లో బతికున్న ఎలుక మెదడుని ప్రత్యేకమైన సూక్ష్మదర్శినిలో చూస్తే, సన్నని చేతులు చాచి చుట్టూ తడుముతూ, క్షణం తీరిక లేకుండా పహరా తిరుగుతున్నాయట! పసిపిల్లల మెదడు పెరిగేటప్పుడు అక్కరలేని అల్లికల్ని కత్తిరించి పారేసేదీ ఇవే. మల్లెపొదకి ఆకు దూసి కొమ్మలు కత్తిరిస్తామే, అలాగన్నమాట.

మరి ఇంత మంచి కాపలావాళ్ళు చెరుపు ఎలా చేస్తారు?

మా జి.కొండూరు వైపు కొండవార చేలల్లో రాత్రిళ్ళు పందులు పడుతుంటాయి. కాపలావాడు డబ్బా వాయించి తరిమేస్తే సరి. పదిమంది దివిటీలు పట్టుకుని చేనంతా అడ్డదిడ్డంగా పరుగులు పెట్టారనుకోండి, పంది తిన్నది రెండు సాళ్ళు, వీళ్ళు తొక్కింది అరెకరం అవుతుంది. "కంచే చేను మేసింది" అందామా అంటే ఆ సామెత ఇక్కడ అతకదు. ఇందులో ద్రోహం లేదు, ఉన్నది అత్యుత్సాహం.

మెదడువాపులో జరిగేది సరిగ్గా ఇదేనని మన దేశంలోనే తేల్చారు. ఢిల్లీ దగ్గర మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉంది. దాన్ని మొదటినుంచీ నిలబెట్టిన డైరెక్టరు ఒక స్త్రీ. ఆవిడ పేరు విజయలక్ష్మీ రవీంద్రనాథ్. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. చదివారు. ఆ కేంద్రంలో అనిర్బన్ బసు అనే శాస్త్రజ్ఞుడూ ఆయన శిష్యులూ జపానీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ సోకిన ఎలుకల మెదళ్ళు పరీక్షించారు. వైరస్ చొరబడగానే మైక్రోగ్లియా రెచ్చిపోయి ఘాటైన రసాయనాలు కక్కుతాయి. ఆ రసాయనాలు తగిలి పక్కనున్న నాడీకణాలు చచ్చిపోతాయి. 2007లో వాళ్ళు అచ్చువేసిన సంగతి ఇది. అంటే బిడ్డకి జరిగే నష్టంలో కొంత శత్రువుది, కొంత మన సొంత సైన్యానిది.

ఒక పెద్దావిడ నన్నడిగింది: "జ్వరం దిగిపోయింది గదమ్మా, మరి పిల్లకి మాట ఎందుకు తిరిగి రాలేదూ?" అని. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది. జ్వరం దిగినంత మాత్రాన పోయిన నాడీకణాలు తిరిగి రావు. చేను తొక్కుడుపడ్డాక పంది వెళ్ళిపోయినా ఒకటే, ఉన్నా ఒకటే. ఈ వైరస్ సోకినవాళ్ళలో జబ్బు ముదిరేది సుమారు 250 మందిలో ఒక్కరికే. కాని ముదిరినవారిలో నూటికి 30 మంది దాకా చనిపోవచ్చు. బతికిన వాళ్ళలోనూ 20, 30 మందికి చదువు అబ్బకపోవడమో, చెయ్యీ కాలూ స్వాధీనం తప్పడమో, స్వభావం మారిపోవడమో శాశ్వతంగా ఉండిపోతుంది. అలాంటి పిల్లల్ని "గాలి సోకింది" అని మూలన కూర్చోబెట్టడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. గాలీ లేదు, ధూళీ లేదు. దెబ్బ తిన్న మెదడది. నేర్పితే కొంతలో కొంత నేర్చుకుంటుంది.

కాపలావాళ్ళని శాంతపరిచే మందు లేదా? ఇక్కడ మన తెలుగువాడి పేరు తలుచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనకి నాయకుడుగా ఉన్న రోజుల్లో ఆరియోమైసిన్ అనే మందు బయటపడింది. దాన్ని కనిపెట్టినవాడు డగ్గర్ అనే ముసలి ప్రొఫెసరు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయారు. ఆ వంశంలోదే మినోసైక్లిన్. అదే లెడర్లీలో తయారై, 1970ల మొదట్లో వాడకంలోకి వచ్చింది. మొటిమలకి డాక్టర్లు రాసిచ్చే మందు! మొటిమల మందుకీ మెదడుకీ సంబంధమేమిటనిపిస్తుంది. ఇది మెదడులోకి బాగా చొరబడుతుంది, మైక్రోగ్లియా ఆవేశాన్ని అణుస్తుంది. 2008లో బసు బృందం ఇది ఇచ్చిన ఎలుకలు మెదడువాపునుంచి తట్టుకుంటున్నాయని చూపించింది.

ఎలుకల మాట విని సంబరపడిపోకూడదు గదా. లక్నోలో మెదడువాపు లక్షణాలతో వచ్చిన 281 మందిలో కొందరికి ఈ మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. 2016లో ఫలితం ప్రకటించారు. చావులు తగ్గాయని రుజువు కాలేదు. ఆస్పత్రిలో మొదటిరోజు గట్టెక్కినవాళ్ళలో మాత్రం కాస్త మేలు కనిపించినట్టుంది. అంతవరకే. అంచేత మందులషాపులో ఈ బిళ్ళలు కొని పిల్లలకి వెయ్యకండి. ఈ జాతి మందులు చిన్నపిల్లల పళ్ళని శాశ్వతంగా పచ్చబరుస్తాయి కూడా.

వైరస్‌ని చంపే మందు నేటికీ లేదు. ఆస్పత్రిలో చేసేది మూర్ఛలు ఆపడం, మెదడు మీద ఒత్తిడి తగ్గించడం, ఊపిరి నిలబెట్టడం. అవి ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది. జ్వరంతో ఉన్న బిడ్డ మగతగా పడి ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్సు వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. ఫిట్సు వస్తే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, నోట్లో నీళ్ళు పొయ్యడం వద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి బండి మాట్లాడండి.

ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. కొంగల్లోనూ పందుల్లోనూ ఉండే వైరస్‌ని వరిమళ్ళ నీళ్ళలో పుట్టే క్యూలెక్స్ దోమ మనకి తెస్తుంది. ఆ దోమ మునిమాపునుంచీ రాత్రంతా కుడుతుంది గనుక దోమతెర పని చేస్తుంది. ప్రతి మెదడువాపూ ఇదే కాదు లెండి. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకి వచ్చి 183 మందిని బలిగొన్న జ్వరంలో దొరికింది చండీపుర వైరస్. అది ఇసుక ఈగ వల్ల వస్తుంది. మట్టిగోడల బీటలు పూడ్చుకోవడం దానికి ఉపాయం.

జపానీస్ మెదడువాపుకి మాత్రం టీకా ఉంది. కర్ణాటకలోని కోలారులో 1981లో దొరికిన వైరస్ రకంతో హైదరాబాదు భారత్ బయోటెక్‌వారు తయారుచేసిన టీకా 2013లో వచ్చింది. ఈ జబ్బు ఉన్న జిల్లాలుగా ప్రభుత్వం గుర్తించినచోట బిడ్డకి తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి ఉచితంగా వేస్తారు. మీ జిల్లా ఆ జాబితాలో ఉందో లేదో ఆశా కార్యకర్తని అడగండి. ఉంటే, టీకాల కార్డు తీసి "జె.ఇ." అన్న గడి నిండిందో ఖాళీగా ఉందో చూసుకోండి.