చరిత్రలో గొప్ప మహిళలు అంటే మనకు ఎవరు గుర్తొస్తరు?



ఒక ప్రశ్నతో మొదలుపెడత. చరిత్రలో బాగా పేరున్న ఆడవాళ్లు ఐదుగురిని చెప్పమంటే మీరు ఎవరిని చెప్తరు? క్లియోపాత్రా, రుద్రమదేవి, ఝాన్సీ లక్ష్మీబాయి, మేడమ్ క్యూరీ, మదర్ థెరిసా. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉన్న పేర్లే మన నోట్లో కూడా ఉంటయి. వాళ్లు గొప్పవాళ్లు కాదని నేను అనట్లేదు. కానీ ఆ ఐదుగురిలో మన మనిషి ఒక్కరూ ఎందుకు లేరు? మనోళ్లల్లో గొప్ప ఆడవాళ్లు లేకనా, మనం లెక్కపెట్టకనా?

సమ్మక్క సంగతే తీసుకోండి. కరువు వచ్చింది, పంట లేదు, కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం మేడారం మీదికి వచ్చింది. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న ఎదురు నిలబడ్డరు. ఆ ప్రతాపరుద్రుడు ఎవరు? రుద్రమదేవి మనవడు. నాయనమ్మలు, అమ్మమ్మలు రాజకోటలో ఉంటే చరిత్ర. అదే అడవిలో ఉంటే "పుక్కిటి కథ", "జాతర". మన డోలీలు పడిగె విప్పి తరతరాలుగా చెప్పింది చరిత్ర కాదా? రెండేళ్లకోసారి మాఘ పున్నానికి కోటి మందికి పైగా బెల్లం ఎత్తుకొని వస్తరు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె దిగంగనే అందరూ చేతులెత్తి మొక్కుతరు. కానీ ఆమె ఎందుకు కొట్లాడింది అని అడిగేటోళ్లు ఎంతమంది? ఆమె కొట్లాడింది పన్ను మీద, నేల మీద. ఆ సంగతి మరిచి మొక్కితే సగం సమ్మక్కనే మొక్కినట్టు.

ఇంకొంచెం దూరం పోదాం. గఢా మండ్లా గోండు రాజ్యాన్ని రాణి దుర్గావతి ఏలింది. పుట్టింది చందేల రాజుల ఇంట్ల, కోడలిగా వచ్చింది గోండు ఇంటికి. భర్త దళపత్ షా పోయినంక చిన్న కొడుకు పేరు మీద రాజ్యం నడిపింది. 1564లో అక్బర్ సేనాని ఆసఫ్ ఖాన్ దండెత్తి వస్తే లొంగకుండా యుద్ధరంగంలోనే ప్రాణం వదిలింది. జబల్‌పూర్ విశ్వవిద్యాలయానికి ఇవాళ ఆమె పేరే ఉంది.

1855 జూన్ 30న భోగ్నాడీలో సంతాల్ హూల్ మొదలైంది. సిద్ధూ, కాన్హూ పేర్లు మీరు విని ఉంటరు. వాళ్ల చెల్లెళ్లు ఫూలో, ఝానోల పేర్లు ఎంతమంది విన్నరు? వడ్డీ వ్యాపారుల మీద, కంపెనీ సర్కార్ మీద కొట్లాటలో వాళ్లూ ఉన్నరని సంతాల్లు ఇప్పటికీ చెప్పుకుంటరు.

మణిపూర్‌లో రొంగ్‌మెయ్ నాగా పిల్ల గైడిన్‌ల్యూ 13 ఏండ్లకే జడోనాంగ్ ఉద్యమంలో చేరింది. 1931లో బ్రిటిషోళ్లు జడోనాంగ్‌ను ఉరి తీస్తే ఉద్యమాన్ని ఆమే నడిపింది. పన్నులు కట్టొద్దన్నది. 1932లో పట్టుకొని యావజ్జీవ శిక్ష వేసిన్రు. అప్పటికి ఇంకా 18 కూడా నిండలేదు. స్వాతంత్ర్యం వచ్చేదాకా జైల్లోనే ఉంది. మనం ఇంటర్ పరీక్షలు రాసే వయసు అది!

ఇక పేరే తెలియని ఆడవాళ్లు ఉన్నరు. 1972లో అప్పటి చంద్రపూర్ జిల్లాలో ఒక ఆదివాసీ అమ్మాయి మీద పోలీస్ స్టేషన్‌లోనే పోలీసులు అత్యాచారం చేసిన్రని కేసు నడిచింది. 1978లో సుప్రీంకోర్టు ఆ పోలీసులను వదిలేసింది. ఆ తీర్పు మీద దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కిన్రు. 1983లో చట్టం మారింది. ఇవాళ ఏ కులం, ఏ మతం ఆడబిడ్డకైనా పోలీస్ కస్టడీలో అన్యాయం జరిగితే ఆ చట్టం అక్కరకొస్తది. ఆ మార్పు వెనుక ఉన్నది మన బిడ్డ. 2007లో వాకపల్లి అక్కలు పదకొండు మంది బయటికొచ్చి చెప్పిన్రు. 2023లో కోర్టు నిందితులను వదిలేసింది గానీ, దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెప్పి ఆ అక్కలకు పరిహారం ఇమ్మన్నది. పదహారేండ్లు వాళ్లు మాట మీద నిలబడ్డరు. నన్నడిగితే చరిత్రలో గొప్ప మహిళలు అంటే వీళ్లు కూడా.

ఇప్పుడు మన ఇంటి సంగతి మాట్లాడుకుందాం. సమ్మక్కను తల్లీ అంటం. మరి ఆ తల్లి బిడ్డకు పొలంలో వాటా ఉందా? 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మన దగ్గర ఆచారమే నడుస్తది, ఆచారం పేరు మీద ఆడపిల్లకు ఎక్కువ చోట్ల ఏమీ రాదు. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, ఆడది అయినందుకే వాటా లేదనడం రాజ్యాంగంలోని 14వ అధికరణకు విరుద్ధం అని చెప్పింది.

పెద్దలు ఒక మాట అంటరు. "ఆడపిల్లకు భూమి ఇస్తే గిరిజనేతరుడు పెండ్లి చేసుకొని భూమి గుంజుకుంటడు బిడ్డా" అని. ఈ భయం ఉత్తది కాదు. ఏజెన్సీలో మన ఆడవాళ్ల పేరు మీద బినామీ భూములు పెట్టుకున్నోళ్లను మనం చూస్తనే ఉన్నం. కానీ ఆలోచించండి. 1/70 చట్టాన్ని తొక్కేటోడు బినామీదారుడు, శిక్ష మాత్రం మన చెల్లెకా? పుట్టింట్ల గుంట భూమి లేని, గ్రామసభలో నోరు లేని ఆడపిల్లనే వాడు సులువుగా వాడుకుంటడు. బినామీని పట్టుకోవాలె, బిడ్డ వాటాను కాదు.

మరి మనం ఏం చేయాలె? మీ ఇంట్ల పోడు పట్టా తీసి చూడండి. అటవీ హక్కుల చట్టం ప్రకారం పెండ్లయినోళ్లకు భార్యాభర్తలిద్దరి పేర్లతో హక్కుపత్రం ఉండాలె. లేకపోతే సవరించమని దరఖాస్తు పెట్టండి. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలె. గ్రామసభకు వచ్చినోళ్లలో మూడో వంతు ఆడవాళ్లు లేకపోతే కోరమే కాదు. సంతకాలు ఇండ్లకు పంపి పెట్టించుకుంటే అది సభ కాదు, మోసం. చదువుకున్న పిల్లలు మీ అవ్వ దగ్గర కూర్చొని ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ కొట్లాటలో ఎవరు ముందున్నరు, ఎవరు జైలుకు పోయిన్రు, ఆడవాళ్ల పేర్లతో సహా అడగండి. ఆ తరం పోతే ఆ పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకవు.

వచ్చే గ్రామసభకు మీ అమ్మను, మీ అక్కను వెంటబెట్టుకొని పోండి. వెనక కాదు, ముందు వరుసలో కూర్చోబెట్టండి.

సమ్మక్క సారలమ్మలకు జోహార్! వాకపల్లి అక్కలకు జోహార్!
జల్, జంగిల్, జమీన్ మనవి. అందులో సగం ఆడబిడ్డలది!