ఆటకు అక్షరము తోడు
(బహదూర్‌పురా గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొని జీవించువాడను. తీరిక వేళల భారత భాగవతములను స్వయముగా చదువుకొని సంతోషించువాడను. కావున ఆ రెండు దారుల వెంటనే వచ్చి, నేడు ఒక పత్రిక చరిత్రను మీకు విన్నవించెదను. బాస్కెట్‌బాల్ అను ఆటను లోకమునకు మొదట తెలిపిన పత్రిక యది.

నన్నయగారి ఆదిపర్వములో కురుకుమారులు బంతి యాడుచుండగా, ఆ బంతి నూతిలో పడినది. తీయు నుపాయ మెరుగక వారు చుట్టు నిలిచి చూచుచుండిరి. అప్పుడు ద్రోణుడు వచ్చి, బాణముల నొకదాని నొకటి తాకునట్లు నాటి, త్రాడువలె కూర్చి, బంతిని పైకి తీసెను. ఈ కథ మనకందరకు తెలిసినదే. కాని ఆ కుమారులు జట్టున కెందరు నిలిచిరి? గెలుపోటములను ఎట్లు లెక్కించిరి? తగవు వచ్చిన ఎవరు తీర్చిరి? ఆ సంగతులు మనకు దక్కలేదు. బంతి దొరికినది గాని ఆట పోయినది.

ఇక రెండవ కథ. అమెరికా దేశమున మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాల ఉండెను. 1891 శీతకాలమున అక్కడి విద్యార్థులకు ఇంటిలోపల ఆడదగిన ఆట కావలసివచ్చినది. కెనడాలో జన్మించిన జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయునకు ఆ పని అప్పగింపబడెను. ఆయన రెండు పెట్టెలు అడుగగా అవి లేక, పీచ్ పండ్లు పోయు బుట్టలు రెండు దొరికినవి. వానిని పది అడుగుల ఎత్తున వసారా అంచునకు కొట్టించెను. పదునెనిమిది మంది విద్యార్థులు తొమ్మండుగురి చొప్పున రెండు జట్లుగా ఆడిరి. ఆ మొదటి ఆటలో బంతి బుట్టలో పడినది ఒక్కసారి మాత్రమే. బుట్టకు అడుగు ఉండుటచే, పడిన బంతిని నిచ్చెన యెక్కి తీయవలసివచ్చుచుండెను. ద్రోణుని వంటివాడు వారికి దొరకలేదు కాబోలు!

ఇంతవరకు ఇది ఒక పాఠశాలలోని వినోదము మాత్రమే. అది లోకమునకు చేరుటకు కారణము, నైస్మిత్ ఆటతో బాటు పదమూడు నియమములను వ్రాసి టైపు చేయించి గోడకు అంటించుటయే. 1892 జనవరి 15వ తేదీన ఆ నియమములు ఆ పాఠశాల పత్రికయగు ‘ట్రయాంగిల్’లో అచ్చుపడినవి. అది వై.ఎం.సి.ఎ. శాఖలకు పోవు పత్రిక. బంతితో పరుగెత్తరాదు, ఎదుటివానిని భుజముతో నెట్టరాదు, పట్టరాదు, పదునైదు నిమిషముల చొప్పున రెండు భాగములు, నడుమ ఐదు నిమిషముల విశ్రాంతి. ఇవి చదివినవాడు, ఆటను కన్నులార చూడకపోయినను, తన ఊరిలో రెండు బుట్టలు కట్టి ఆడింపగలడు. స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని ఈ క్రొత్త ఆటను గూర్చి చదివియే, స్త్రీలకు తగినట్లు మార్చి తన విద్యార్థినులకు నేర్పెను. ఆటకు కాళ్ళు వచ్చినది ఆ కాగితము వలననే.

ఆ కాళ్ళతోనే అది మన దేశమునకును వచ్చినది. 1920లో హ్యారీ క్రో బక్ మదరాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. 1936 బెర్లిన్ ఒలింపిక్సులో బాస్కెట్‌బాల్ పతకపు ఆటగా చేరినప్పుడు, వృద్ధుడైన నైస్మిత్ అక్కడనుండి తన ఆటను కన్నులార చూచెను. 1950లో మన దేశమున బాస్కెట్‌బాల్ సమాఖ్య ఏర్పడినది. 1980 మాస్కో ఒలింపిక్సులో మన పురుషుల జట్టు ఆడినది.

ఆట పెరిగినకొలది దాని పత్రికయు మారినది. ‘ట్రయాంగిల్’ నియమములు చెప్పినది. నూరేండ్ల పిమ్మట, 1994లో, న్యూయార్కున డెన్నిస్ పేజ్ స్థాపించిన ‘స్లామ్’ అను పత్రిక ఆటగాండ్ల జీవితములను, వారి వేషభాషలను, వారు పుట్టిన వీథులను చెప్పసాగెను. 2002లో ఇంకను పాఠశాలలో చదువుచున్న లెబ్రాన్ జేమ్సును అది ముఖపత్రముపై ముద్రించినది. మన మదరాసునుండి 1947లో మొదలైన ‘స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్’ వారపత్రిక 1968లో ఆగిపోయినది. పత్రిక ఆగిన పిమ్మట దాని సంచికలు ఎవరు దాచిరో వారి యొద్దనే ఆ కాలము మిగిలియుండును.

లెక్కలు వ్రాయువాడను గనుక ఒక లెక్క చెప్పక మానలేను. నైస్మిత్ టైపు చేయించిన ఆ రెండు కాగితములను 2010 డిసెంబరులో న్యూయార్కున వేలము వేసిరి. అవి 43 లక్షల డాలర్లకు పైగా పలికినవి. కొన్నవాడు వానిని, నైస్మిత్ చిరకాలము పనిచేసిన కాన్సాస్ విశ్వవిద్యాలయమునకు చేర్చెను. తూకమునకు వేసియున్నచో ఆ కాగితములకు చిల్లర డబ్బులైన వచ్చెడివి కావు.

ఈ మాట ఏల చెప్పుచున్నాననగా, మన గ్రంథాలయమున అలమారలు చాలవు, పాత పత్రికలను తూకమునకు వేయుదమను ఆలోచన ఉన్నది. స్థలపు ఇబ్బంది నిజమే. కాని ఆ కట్టలలో ఏది వ్యర్థమో నేడు మనము తేల్చలేము. 1892లో ‘ట్రయాంగిల్’ సంచిక చేతికి వచ్చినవాడు దానిని ఎట్టి కాగితమని తలచెనో! అందుచే కార్యవర్గము వారికి రెండు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది: ప్రతి పత్రికకు సంవత్సరమునకు ఒక కట్ట చొప్పున బైండు చేయించి ఉంచవలెను. మిగిలిన ప్రతులు పోయినను చింత లేదు.

రెండవది: ఒక పెద్ద నోటుపుస్తకము తెరచి అందు మన ఆటలను వ్రాయవలెను. చిర్రగోనె ఎట్లు ఆడుదురు? చిర్ర పడిన దూరమును ఎట్లు కొలుతురు? అష్టాచెమ్మలో గవ్వల పందెము లెక్క యేమి? ఇవి ఇంకను పెద్దల నోట ఉన్నవి, పిల్లలు మరచుచున్నారు. పెద్దలు చెప్పగా పిల్లలే తమ చేతితో వ్రాయుట మేలు. వ్రాయని పద్దును నమ్మరాదని నా వృత్తి నాకు నేర్పినది. మన ఆటల పద్దు ఇంతవరకు వ్రాయబడలేదు.

స్వర్ణోత్సవము నాటికి ఆ నోటుపుస్తకము నిండియుండుగాక!